డిమెన్షియా కేర్ హోమ్‌లో నాణ్యతను ఎక్కడ వెతకాలి?

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) ముదిరిన తల్లినో తండ్రినో కేర్ హోమ్‌లో చేర్చక తప్పదని నిర్ణయించుకున్న కుటుంబం మొట్టమొదట చూసేది భవనాన్ని. గదిలో ఏసీ ఉందా, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు బిగించారా, డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తారు, మన ఫోన్‌లో చూసుకునే సీసీ కెమెరా ఉందా అని అడుగుతారు. ఇవన్నీ అడగవలసినవే. అయితే వీటన్నిటికీ తృప్తికరమైన జవాబులు దొరికిన చోట కూడా సంరక్షణ అధ్వాన్నంగా ఉండవచ్చు. ఇనుప మంచాలతో పాత డాబా ఇంట్లో నడుస్తున్న హోమ్‌లో అది ఎంతో మెరుగ్గానూ ఉండవచ్చు. ఈ సేవను పొందే మనిషి వేరు, దీనికి డబ్బు కట్టే మనిషి వేరు. పొందే మనిషి తనకు ఏం జరిగిందో చెప్పలేరు. కట్టే మనిషి చాలాసార్లు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో, కాకపోతే బెంగళూరులోనో ఉంటారు. భోజనం బాగాలేని హోటల్‌కు మనం రెండోసారి వెళ్ళం, పైగా పదిమందికి చెబుతాం. ఇక్కడ మధ్యాహ్నం అన్నం పెట్టారో లేదో సాయంత్రానికి ఆవిడకే గుర్తుండదు. నచ్చకపోతే జనం మానేస్తారు, ఆ భయంతో నాణ్యత దానంతటదే పెరుగుతుందన్న మార్కెట్ సూత్రం పనిచేయని రంగాల్లో ఇది మొదటి వరుసలో ఉంటుంది.

సమస్య చిన్నదేమీ కాదు. లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం ఆధారంగా 2023లో వెలువడిన అంచనా ప్రకారం 60 ఏళ్ళు, ఆపైన వయసున్న భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీరిలో అత్యధికులు ఇంట్లోనే ఉంటారు. భార్యో, కూతురో, కోడలో చూసుకుంటారు. కేర్ హోమ్ దాకా వ్యవహారం వచ్చేది సాధారణంగా మతిమరుపు వల్ల కాదు. రాత్రిళ్ళు నిద్రపోకపోవడం, గడియ తీసుకుని వీధిలోకి వెళ్ళిపోవడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, ముట్టుకోబోతే కొట్టడం వంటివి మొదలై, చూసుకునేవారి ఆరోగ్యం కూడా దెబ్బతిన్నాక ఆ నిర్ణయం జరుగుతుంది. అందువల్ల హోమ్‌లో చేరేవారిలో ఎక్కువమంది అప్పటికే జబ్బు మధ్య దశకు చేరుకున్నవారో, దాన్ని దాటినవారో అయి ఉంటారు.

వైద్య సేవల నాణ్యతను ఎలా అంచనా వేయాలన్న ప్రశ్నకు అవేడిస్ డొనబేడియన్ అనే వైద్యుడు 1966లో చూపిన దారి ఇప్పటికీ వాడుకలో ఉంది. సమకూర్చుకున్న వసతులు, సిబ్బంది ఒక వైపు. రోజువారీగా జరిగే పని మరో వైపు. చివరికి రోగికి ఒరిగిన ఫలితం ఇంకో వైపు. ఈ మూడింటినీ వేర్వేరుగా చూడాలన్నది ఆయన చెప్పినదాని సారాంశం. డిమెన్షియా దగ్గరికి వచ్చేసరికి ఈ మూడూ మూడు రకాలుగా మొండికేస్తాయి. వసతులు కంటికి కనిపిస్తాయి గాని అవి సంరక్షణకు హామీ ఇవ్వవు. ఫలితాన్ని కొలుద్దామంటే, ఎంత గొప్పగా చూసుకున్నా ఈ జబ్బు ముందుకే పోతుంది. మంచి హోమ్‌లో ఉన్నవారూ బరువు తగ్గుతారు, నడక మరచిపోతారు, మనుషుల్ని గుర్తుపట్టలేకపోతారు. కాబట్టి "చేర్చినప్పటికంటే అమ్మ దిగజారిపోయింది" అన్నంత మాత్రాన హోమ్ తప్పని తేలదు. ఇక మిగిలింది రోజువారీ పని. నాణ్యత ఉండేది అందులోనే. ఆ పని జరిగే వేళకు మనం అక్కడ ఉండం.

గొడవ తగ్గితే మెరుగైనట్టేనా?

"చేరినప్పుడు చాలా గొడవ చేసేవారండి, ఇప్పుడు ప్రశాంతంగా ఉంటున్నారు" అని మేనేజర్ చెప్పినప్పుడు కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముందు ఆరా తీయవలసిన మాట ఇదే. ఆ ప్రశాంతతకు కారణం ఆవిడ అవసరాన్ని ఎవరో అర్థం చేసుకోవడం కావచ్చు, రాత్రి ఇచ్చే మాత్ర మోతాదు పెరగడమూ కావచ్చు. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రిస్పెరిడోన్, క్వెటియాపిన్, ఒలాంజపైన్, హాలోపెరిడాల్ వంటి మందులు ప్రధానంగా స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక వ్యాధుల కోసం వచ్చినవి. డిమెన్షియా ఉన్న వృద్ధులకు వీటిలో కొత్త తరం మందులను ఇచ్చి చేసిన 17 పరీక్షలను పరిశీలించిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది. సుమారు 10 వారాల వ్యవధిలో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 2.6 శాతం మంది చనిపోతే, ఈ మందులు తీసుకున్నవారిలో 4.5 శాతం మంది చనిపోయారు. 2008లో ఆ హెచ్చరికను ఈ కోవకు చెందిన పాత మందులకూ వర్తింపజేశారు. బ్రిటన్ ప్రభుత్వం కోరగా సుబే బెనర్జీ అనే వృద్ధుల మానసిక వైద్యుడు 2009లో ఇచ్చిన నివేదిక ఇంకా స్పష్టంగా లెక్క చెప్పింది. ఏడాదికి 1,80,000 మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇస్తుంటే, వాటితో ఎంతో కొంత మేలు పొందేవారు గరిష్ఠంగా 36,000 మంది. అదనంగా సంభవించే మరణాలు 1,800. అదనంగా వచ్చే పక్షవాతం వంటి మెదడు రక్తనాళ సమస్యలు 1,620.

ఈ మందులను అసలు వాడకూడదని దీని అర్థం కాదు. ఎవరో విషం పెడుతున్నారన్న భ్రమతో నీళ్ళు కూడా తాగని మనిషికి, పక్కవారిని గాయపరిచే స్థితిలో ఉన్న మనిషికి తక్కువ మోతాదులో, తక్కువ కాలం అవసరం కావచ్చు. బ్రిటన్ మార్గదర్శకాలు కనీసం 6 వారాలకు ఒకసారి ఇంకా అవసరమా అని తిరిగి చూడమంటాయి. మన దగ్గర తరచుగా లోపించేది ఆ తిరిగి చూడడమే: ఆస్పత్రిలో ఒక గడ్డు రాత్రి మొదలుపెట్టిన మాత్ర డిశ్చార్జి కాగితంతో పాటు హోమ్‌కు వచ్చి, ఏళ్ళ తరబడి అలాగే సాగిపోతుంది. ల్యూయీ బాడీ రకం డిమెన్షియా ఉన్నవారికైతే హాలోపెరిడాల్ ప్రాణాంతకం కూడా కావచ్చు. అలాంటప్పుడు ఏ రకం డిమెన్షియానో ఫైల్లో రాసి ఉందా లేదా అన్నది కాగితాల వ్యవహారం కాదు.

మరి గొడవకు మందు కాకపోతే ఏం చేయాలి? దీనికి నార్వే నుంచి మంచి సమాధానం ఒకటి ఉంది. అక్కడి 18 నర్సింగ్ హోమ్‌లలో డిమెన్షియాతో పాటు తీవ్రమైన అలజడి ఉన్న 352 మందిని తీసుకుని, కొందరికి 8 వారాల పాటు పద్ధతి ప్రకారం నొప్పికి చికిత్స చేశారు. ఎక్కువమందికి ఇచ్చింది కేవలం పారాసెటమాల్. మామూలు సంరక్షణ పొందినవారితో పోలిస్తే వీరిలో అలజడి 17 శాతం తగ్గింది. 2011లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేమిటంటే, మనం 'ప్రవర్తన సమస్య' అని పేరు పెట్టినదాంట్లో కొంత భాగం మోకాలి నొప్పి, పుచ్చిన పన్ను, నాలుగు రోజులుగా రాని విరేచనం. మాట పోయిన మనిషి నొప్పిని అరిచో, కొట్టో, తిండి మానేసో తెలియజేస్తారు. ఊపిరి తీరు, మూలుగు, ముఖకవళిక, శరీరం బిగదీసుకోవడం, ఓదారిస్తే ఊరడిల్లడం అనే ఐదు అంశాలను చూసి నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కు వేసే పెయినాడ్ అనే పద్ధతి 2003 నుంచి అందుబాటులో ఉంది. కొద్దిపాటి శిక్షణతో కేర్‌టేకర్‌కు నేర్పవచ్చు. మీరు చూడబోయే హోమ్‌లో దాన్ని గాని, అలాంటి మరొక పద్ధతిని గాని వాడుతున్నారా అని అడిగితే, సిబ్బందికి ఎలాంటి శిక్షణ ఇచ్చారో తేలిపోతుంది.

నిన్నటి దాకా మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో తికమకపడటం, మత్తుగా పడి ఉండటం లేదా విపరీతంగా అరవడం మొదలుపెడితే దాన్ని డిమెన్షియా ముదరడంగా కొట్టిపారేయకూడదు. అది డెలీరియం కావచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా వేసిన మందు, ఏదైనా కారణం కావచ్చు. కారణం పట్టుకుంటే చాలాసార్లు తగ్గుతుంది. జలుబుకు వాడే పాత రకం యాంటీహిస్టమిన్లు, చేతుల వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వంటివి కూడా ఈ తికమకను పెంచగలవు. మంచి హోమ్‌కూ మామూలు హోమ్‌కూ తేడా చాలాసార్లు ఇక్కడే తేలుతుంది: "ఈ రోజు ఈవిడ నిన్నటిలా లేరు" అని ఎవరైనా గమనించారా లేదా? గమనించాలంటే నిన్న కూడా వాళ్ళే డ్యూటీలో ఉండి ఉండాలి.

సిబ్బంది లెక్క, గడియారం లెక్క

హోమ్‌లు ప్రకటనల్లో చెప్పే నిష్పత్తిని ఒకసారి విడదీసి చూద్దాం. 20 మంది ఉన్న హోమ్‌లో 10 మంది కేర్‌టేకర్లు ఉన్నారంటే ఇద్దరికి ఒకరు చొప్పున అని రాసుకుంటారు, అది అబద్ధం కాదు. కాని 12 గంటల షిఫ్టులు కాబట్టి పగటిపూట ఉండేది 5 మంది. వారపు సెలవు, పండక్కి ఊరెళ్ళి ఇంకా తిరిగిరానివారు పోగా 4. వారిలో ఒకరు బట్టలు ఉతకడంలోనో వంటగదిలోనో ఉంటే రోగుల దగ్గర మిగిలేది ముగ్గురు. ఉదయం 6 నుంచి 9 లోపు అందరినీ తయారుచేయాలంటే ముగ్గురి పని కలిపి 540 నిమిషాలు; ఒక్కొక్కరికి 27 నిమిషాలు. ఆ 27 నిమిషాల్లో లేపాలి, డైపర్ మార్చాలి, పళ్ళు తోమించాలి, స్నానం చేయించాలి, బట్టలు వేయాలి, టిఫిన్ తినిపించాలి. జబ్బు ముదిరి మింగడం కష్టమైన మనిషికి తినిపించడానికే అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. కేర్‌టేకర్ ఎంత మంచి మనిషైనా ఈ లెక్కలో ఇమడలేరు. ఆ హోమ్‌లో కరకుగా ప్రవర్తించే ఉద్యోగిని తీసేసి కొత్తవారిని పెట్టినా కొన్నాళ్ళకు వాళ్ళూ అంతే అవుతారు.

అందుకే ఇతర దేశాలు నిష్పత్తిని వదిలి నిమిషాలను పట్టుకున్నాయి. వృద్ధుల సంరక్షణలోని నిర్లక్ష్యంపై రాయల్ కమిషన్ విచారణ జరిపి 2021లో తుది నివేదిక ఇచ్చిన తరువాత, ఆస్ట్రేలియా ప్రతి నివాసికి సగటున రోజుకు 200 నిమిషాల సంరక్షణ తప్పనిసరి చేసింది. 2024 అక్టోబరు నుంచి దాన్ని 215 నిమిషాలకు పెంచింది, అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సు ఇవ్వాలి. అమెరికా 2024లో రోజుకు 3.48 గంటలు అనే నిబంధన తెచ్చింది గాని నర్సింగ్ హోమ్ యాజమాన్యాల సంఘాలు కోర్టుకు వెళ్ళాయి, 2025లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. మన దేశంలో డిమెన్షియా హోమ్‌లకు ఇలా నిమిషాల్లో లెక్కగట్టిన నిబంధన లేదు. కాబట్టి "మొత్తం ఎంతమంది" అని కాకుండా "ఈ రోజు ఉదయం డ్యూటీలో ఎవరెవరు ఉన్నారు, రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు, వారిలో ఆరు నెలలకు పైగా ఇక్కడ పనిచేస్తున్నవారు ఎందరు" అని అడగడం కుటుంబం పని అయింది.

సిబ్బంది నిలకడగా ఉండటం ఎంత ముఖ్యమో స్నానం దగ్గర కనిపిస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి పరాయివారి ఎదుట పైట కూడా జారనివ్వని ఒక పెద్దావిడను ఊహించండి. ముఖపరిచయం లేని ఇద్దరు వచ్చి, హిందీలో ఏదో మాట్లాడుకుంటూ, బట్టలు విప్పి, మగ్గుతో నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తారు. ఆవిడ గోళ్ళతో రక్కుతుంది. రిజిస్టర్‌లో "దాడి చేసింది" అని రాస్తారు. ఆవిడ వైపు నుంచి చూస్తే దాడి జరిగింది తన మీద. అదే స్నానాన్ని రోజూ వచ్చే మనిషి, పేరుకు అత్తమ్మా అనో పెద్దమ్మా అనో కలిపి పిలుస్తూ, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన తువ్వాళ్ళతో, ఒంటి మీద గుడ్డ కప్పి ఉంచే ఒక్కొక్క భాగం తుడుస్తూ చేయించవచ్చు. ఇలా చేస్తే ఎదురు తిరగడం గణనీయంగా తగ్గుతుందని 2004లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపించింది. బ్రాడ్‌ఫర్డ్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ 1990లలో చెప్పినది కూడా ఇదే. మనం జబ్బు లక్షణాలనుకునేవాటిలో కొన్ని చుట్టూ ఉన్నవారి తీరుకు ఆ మనిషి చూపే ప్రతిస్పందన. తొందరపెట్టడం, పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం, ఎదురుగా కూర్చుని ఉండగానే లేనట్టు వారి గురించి మాట్లాడుకోవడం వంటివాటిని ఆయన హానికరమైన ప్రవర్తనలుగా లెక్కగట్టాడు. ఇవి చేసేవారు దుర్మార్గులు కాదని కూడా ఆయన గట్టిగా అనేవాడు.

భాష సంగతి మన కుటుంబాలకు ప్రత్యేకంగా పట్టించుకోవలసినది. తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, డిమెన్షియా ముదిరేకొద్దీ చిన్ననాటి భాషే మిగలడం చాలామందిలో కనిపిస్తుంది. జీవితమంతా ఆఫీసులో ఇంగ్లీషులో నోట్లు రాసిన మనిషి కూడా చివరికి "దాహం" అనే అడుగుతాడు. హైదరాబాదులో హోమ్‌లకు కేర్‌టేకర్లు ఇతర రాష్ట్రాల నుంచి కూడా వస్తున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి, అక్కడే నర్సింగ్ హోమ్‌లో చేరవలసి వచ్చిన తెలుగు పెద్దల పరిస్థితి చెప్పనక్కరలేదు. నీళ్ళు, నొప్పి, బాత్‌రూమ్, ఆకలి, భయం, ఇల్లు వంటి పాతిక ముప్పై తెలుగు మాటలు సిబ్బందికి నేర్పి, గోడ మీద వాళ్ళకు తెలిసిన లిపిలో రాసి పెట్టడానికి పెద్దగా ఖర్చు కాదు.

కంచం, మంచం

హోమ్‌ను చూడటానికి వెళ్ళవలసిన వేళ ఉదయం 11 గంటలు కాదు, భోజనాల వేళ. కేర్‌టేకర్ నిలబడి తినిపిస్తున్నారా, ఎదురుగా కూర్చునా? నిలబడి పెడితే తినేవారు తల పైకెత్తాలి, తల ఎత్తి మింగితే మెతుకు ఊపిరితిత్తుల వైపు పోయే ప్రమాదం పెరుగుతుంది. ముందు ముద్ద మింగారో లేదో చూసి రెండోది పెడుతున్నారా? బుగ్గన పెట్టుకుని మింగడం మరచిపోవడం ఈ జబ్బులో మామూలే. మన భోజనంలో ఒక చిక్కు ఉంది: వృద్ధులకు తేలిక అని పెట్టే పలుచని చారన్నంలో నీరూ మెతుకూ వేర్వేరుగా ఉంటాయి, మింగడం దెబ్బతిన్నవారికి అలాంటి కలగాపులగం ఆహారమే ఎక్కువ కష్టం. నెయ్యి వేసి మెత్తగా పిసికిన ముద్దపప్పన్నం, గట్టి పెరుగన్నం, చిక్కటి రాగిసంకటి వంటివి ఒకే తీరున ఉండి సులువుగా దిగుతాయి. కొట్టుకొచ్చే దగ్గు, భోజనం తరువాత గొంతులో గరగర ఉంటే స్పీచ్ థెరపిస్ట్‌కు చూపించాలన్నది ఆ హోమ్‌లో ఎవరికైనా తెలుసా అని కూడా కనుక్కోవాలి.

నెలనెలా బరువు తూచి రాసిన పుస్తకం ఒకటి చూపించమనండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే ప్రమాద సంకేతంగా అమెరికా నర్సింగ్ హోమ్‌లలో లెక్కిస్తారు. అరవై కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే ఎవరో ఒకరు కారణం వెతికి ఉండాలి, ఏం చేశారో ఆ పుస్తకంలో ఉండాలి. ఇంతకంటే చవకైన కొలమానం నాకు తెలియదు.

మంచం విషయానికి వస్తే రెండు సంగతులు. మొదటిది పడక పుండ్లు. కదలలేని మనిషిని క్రమం తప్పకుండా పక్క మార్చకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కమిలి పుండు పడుతుంది. చివరి దశలో ఎంత జాగ్రత్త తీసుకున్నా కొన్ని వస్తాయి. కాని వచ్చిన పుండును కుటుంబం వచ్చి దుప్పటి తీసినప్పుడే చూసిందంటే అక్కడ ఎవరూ చూడటం లేదనే లెక్క. రెండోది కట్టేయడం. చేతులకు మెత్తటి గుడ్డ కట్టి మంచానికి బిగించడం "పడిపోకుండా" అనీ, "రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం) పీక్కోకుండా" అనీ సమర్థించుకుంటారు. కట్టేసిన మనిషి కండరాలు కరిగి, విప్పిన రోజున మరింత తేలికగా పడిపోతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 97వ సెక్షన్ ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉంది: తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరో దారి లేనప్పుడు, బాధ్యుడైన సైకియాట్రిస్ట్ అనుమతితో మాత్రమే నిర్బంధించాలి, శిక్షగా వాడకూడదు, సిబ్బంది కొరత ఉందన్న కారణంతో అసలే చేయకూడదు, చేసిన ప్రతిసారీ 24 గంటల లోపు రోగి తరఫున నియమితులైన నామినేటెడ్ ప్రతినిధికి తెలియజేయాలి.

ఆ చట్టం డిమెన్షియాకు వర్తిస్తుందా అన్న సందేహం న్యాయమే. చట్టంలో మానసిక వ్యాధికి ఇచ్చిన నిర్వచనంలో ఆలోచన, భావోద్వేగాలతో పాటు జ్ఞాపకశక్తి, దిశాస్పృహ తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉంది. అలాంటివారిని ఉంచి చూసుకునే సంస్థలు రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ వద్ద నమోదు కావాలని కూడా ఉంది. అయినా తమను తాము వృద్ధాశ్రమంగా చెప్పుకుంటూ డిమెన్షియా రోగులను చేర్చుకునే చోట్లకు లోటు లేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం పేదల కోసం జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి మాట్లాడుతుంది. 2019లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు రిటైర్‌మెంట్ హోమ్‌ల గురించి. డిమెన్షియా హోమ్ ఈ రెండింటి మధ్య సందులో పడిపోతుంది. 2019 జనవరిలో హైదరాబాదు శివారు నాగారంలో ఒక ఆశ్రమం నుంచి వృద్ధులను, మానసిక రోగులను పదుల సంఖ్యలో పోలీసులు విడిపించినప్పుడు ఈ సందు ఎంత వెడల్పైనదో బయటపడింది. అలాంటి చోటు గురించి తెలిస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.

కొలిస్తే సరిపోతుందా?

నియంత్రణ గట్టిగా ఉంటే అన్నీ సర్దుకుంటాయనుకోవడానికి అమెరికా అనుభవం అడ్డొస్తుంది. శారీరకంగా గాని, మందులతో గాని కట్టిపడేయకుండా ఉండే హక్కును అక్కడ 1987లోనే చట్టంలో రాశారు. 2008 నుంచి ప్రతి నర్సింగ్ హోమ్‌కు ఒకటి నుంచి ఐదు నక్షత్రాల రేటింగ్ ఇస్తున్నారు. 2012లో డిమెన్షియా రోగులకు ఇచ్చే రిస్పెరిడోన్ వంటి మందులను తగ్గించే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దీర్ఘకాలం ఉండే నివాసుల్లో 23.9 శాతం మందికి అవి ఇస్తుండగా, కొన్నేళ్ళలో అది 15 శాతం దరిదాపులకు వచ్చింది. అయితే స్కిజోఫ్రెనియా ఉన్నవారిని ఆ లెక్క నుంచి మినహాయించారు. దాంతో జీవితంలో ఎన్నడూ ఆ జబ్బు లేని వృద్ధులకు కాగితం మీద స్కిజోఫ్రెనియా రావడం మొదలైంది. 2021లో పత్రికలు దీన్ని బయటపెట్టాక, 2023లో ప్రభుత్వం ఆ రోగనిర్ధారణల మీదనే ఆడిట్లు ప్రారంభించింది. సిబ్బంది గంటల విషయంలోనూ అంతే. హోమ్‌లు చెప్పే మాట నమ్మడం మానేసి, 2016 నుంచి జీతాల రికార్డుల నుంచే తీసుకోవడం మొదలుపెట్టారు.

సీసీ కెమెరా కూడా ఇలాంటి కొలమానమే. చెంపదెబ్బ అందులో పడుతుంది. మూడు గంటలు తడి డైపర్‌తో కూర్చోబెట్టడం పడదు, ఎందుకంటే తెర మీద కనిపించేది కుర్చీలో నెమ్మదిగా కూర్చున్న ఒక పెద్దాయన. కెమెరా అసలు వద్దనను, కాని దాన్ని నమ్ముకుని ఆదివారాలు వెళ్ళడం మానేసిన కుటుంబాలకు అది మేలు కంటే కీడే ఎక్కువ చేసింది.

భవనం గురించి కూడా ఒక మాట. నెదర్లాండ్స్‌లోని వేస్ప్ పట్టణంలో 2009లో ప్రారంభమైన హోగెవేక్ అనే డిమెన్షియా గ్రామం ఫొటోలు మన హోమ్‌ల బ్రోచర్లకు కూడా ప్రేరణగా కనిపిస్తాయి: చెట్లు, దుకాణం, బెంచీలు. అక్కడ అసలు విశేషం ఒక్కో ఇంట్లో ఆరేడుగురే ఉండటం, వంట ఆ ఇంట్లోనే జరగడం, తలుపు తెరిచి బయటికి నడవగలగడం. సాయంత్రం అయ్యేసరికి "ఇంటికి వెళ్ళాలి, పిల్లలు స్కూలు నుంచి వస్తారు" అని లేచి నిలబడే మనిషికి తాళం వేసిన గ్రిల్లు కంటే, తిరిగి మొదలైన చోటికే వచ్చే ఒక నడక దారి, పక్కన నడిచే ఒక మనిషి ఎక్కువ మేలు చేస్తారు. ఇంగ్లండులో 69 నర్సింగ్ హోమ్‌లలో 847 మంది పాల్గొన్న ఒక పెద్ద పరీక్ష 2018లో చూపించినదీ ఇదే. సిబ్బందికి వ్యక్తిని కేంద్రంగా చేసుకునే సంరక్షణలో శిక్షణ ఇచ్చి, నివాసులతో వారానికి ఒక గంట వారికిష్టమైన పనిలో గడిపేలా చూస్తే జీవన నాణ్యత పెరిగింది, అలజడి తగ్గింది. వారానికి ఒక గంట, అంతే. పూలు మాల కట్టించడం, చిక్కుడు కాయలు ఈనెలు తీయించడం, పాత ఘంటసాల పాటలు కలిసి వినడం మన దగ్గర ఆ గంటకు సరిపోతాయి.

రాత్రి రెండు గంటల ఫోన్

నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాటవేసే అధ్యాయం చివరి దశ. బోస్టన్ ప్రాంతంలోని 22 నర్సింగ్ హోమ్‌లలో తీవ్ర దశ డిమెన్షియా ఉన్న 323 మందిని 18 నెలలు గమనించిన అధ్యయనం 2009లో వెలువడింది. ఆ 18 నెలల్లో 54.8 శాతం మంది చనిపోయారు, 85.8 శాతం మందికి తినడంలో సమస్య, 41.1 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. అంటే ఇవి అనుకోకుండా వచ్చిపడే ప్రమాదాలు కావు, ఈ జబ్బు నడిచే దారే అది. ఈ సంగతి తెలిసిన కుటుంబాల రోగులకు ఆఖరి మూడు నెలల్లో ఆస్పత్రి, ట్యూబు వంటి బాధాకరమైన చికిత్సలు తక్కువగా జరిగాయని కూడా ఆ అధ్యయనమే తేల్చింది. తీవ్ర దశలో గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం కంటే చేత్తో ఓపికగా తినిపించడమే మంచిదని అమెరికా వృద్ధుల వైద్యుల సంఘం సిఫార్సు. గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని గాని, న్యుమోనియా తగ్గుతుందని గాని నిరూపణ కాలేదు. మన దగ్గర తిండి తగ్గగానే రైల్స్ ట్యూబ్ వేయడం, దాన్ని పీకకుండా చేతులు కట్టడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. ట్యూబు ఉంటే తినిపించే అరగంట మిగులుతుందన్నది ఎవరూ పైకి చెప్పని కారణం.

రాత్రి రెండు గంటలకు హోమ్ నుంచి ఫోన్ వస్తుంది: జ్వరం, ఆయాసం, ఆస్పత్రికి తీసుకెళ్ళమంటారా? వేల మైళ్ళ దూరంలో ఉన్న కొడుకు "తీసుకెళ్ళండి" అనక ఏమంటాడు? ఆ తరువాత ఐసీయూ, వెంటిలేటర్. ఇష్టం లేని చికిత్సలను ముందే రాతపూర్వకంగా నిరాకరించే వీలును సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో ఆ విధానాన్ని సులభతరం చేసింది; ఇప్పుడు ధ్రువీకరణకు నోటరీ గాని, గెజిటెడ్ అధికారి గాని చాలు. కాని ఆ పత్రం రాయాలంటే రాసేవారికి దాని అర్థం తెలిసి ఉండాలి. డిమెన్షియాలో ఆ సామర్థ్యం తొలి దశలోనే జారిపోవచ్చు కాబట్టి, హోమ్‌లో చేర్చే నాటికి చాలామంది విషయంలో ఆలస్యం అయిపోతుంది. అప్పటికి కుటుంబం చేయగలిగింది, హోమ్ డాక్టరుతో పగటిపూట, తీరికగా కూర్చుని, మళ్ళీ న్యుమోనియా వస్తే ఎక్కడ చికిత్స చేయాలి, నొప్పికీ ఆయాసానికీ హోమ్‌లోనే ఏమేం ఇవ్వగలరు, తోబుట్టువుల్లో ఎవరి మాట చివరి మాట అన్నవి మాట్లాడుకుని ఫైల్లో రాయించడం. ఈ సంభాషణను కుటుంబం అడగకముందే తానుగా మొదలుపెట్టే హోమ్ ఏదైనా కనిపిస్తే, అక్కడి గదుల్లో ఏసీ లేకపోయినా రెండోసారి వెళ్ళి చూడవచ్చు.